అది గుంటగలగర కాదండీ, గడ్డిచామంతి

బందరు కాలువ గట్టు మీద తీసి, పేరేమిటని ఈ గ్రూపులో పెట్టిన పువ్వు ఫొటో కింద నాలుగు పేర్లు చూశాను: గడ్డిచామంతి, పలకాకు, రావణాసురుడి తలకాయ, గుంటగలగర. మొదటి మూడూ ఒక మొక్కవే. నాలుగోది వేరే మొక్క, దీంతో కలపకండి, ఎందుకంటే ఆ పేరు నమ్మి తలనూనెలోకి ఇదే కోసుకెళ్లేవాళ్లు ఉన్నారు.

ఫొటో కాస్త పెద్దది చేసి చూడండి. కొమ్మేమో నేలబారుగా పాకుతోంది, దాన్నుంచి జానెడు కాడ ఒక్క ఆకైనా లేకుండా నిటారుగా లేచింది, చివర ఒకే పువ్వు. మధ్యలో పసుపు బొడ్డు, చుట్టూ ఎడం ఎడంగా అయిదు రేకులు, మీగడ రంగువి. అసలు గుర్తు ఆ రేకు చివర ఉంది: ప్రతిదానికీ మూడు పళ్లు, ఎలుక కొరికినట్టు. (నిజానికి మనం రేకు అంటున్న ప్రతిదీ ఒక పువ్వే, బొడ్డు నిండా ఉన్నవీ పువ్వులే. చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబమంతా ఇంతే.) ఆకు వెడల్పు, అంచున రంపపు పళ్లు, తాకితే గరుకు.

గుంటగలగరదీ అదే కుటుంబం గానీ పువ్వు చొక్కా గుండీ అంత కూడా ఉండదు, చుట్టూ పొట్టి తెల్ల పోగులు బోలెడు, కాడ కూడా పొట్టే. ఆకు సన్నగా కోలగా ఉంటుంది, తొడిమ దాదాపు కనిపించదు. ఇంకా అనుమానముంటే కాడ నలిపి కాసేపు ఆగండి, నల్లబడుతుంది. గుంట అని పేరులోనే ఉంది కదా, తడి నేల దాని చోటు. గడ్డిచామంతికి ఆ పట్టింపు లేదు, విజయవాడ మొగల్రాజపురం కొండ కింద ఎండిన మట్టిలోనూ పూస్తుంది.

పేర్ల విషయానికొస్తే, గడ్డిచామంతి అన్నది నాకు బొత్తిగా నచ్చని పేరు, చామంతిలా ఉన్న ప్రతి కలుపు మొక్కకీ తగిలించేస్తాం. పలకాకు నయం, ఆ గరుకాకుతో పలక తుడిచినవాళ్లు ఈ గ్రూపులోనే ఉంటారు. రావణాసురుడి తలకాయ ఇంకా నయం, పొడుగు కాడ మీద ఒంటి తల కళ్లకు కడుతుంది, మా వైపు పిల్లలైతే కాడ మెలేసి బొటనవేలితో ఆ తల ఎగరగొట్టేవాళ్లు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ దీనికి పెట్టిన శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రొకుంబెన్స్‌లో రెండో మాటకి అర్థం నేల మీద వాలి ఉండేది అని. ఆయన చూపు కొమ్మ మీద పడింది, మనవాళ్ల చూపు తల మీద. ఇంతా చేసి ఇది మన నేల మొక్క కాదు, అమెరికా ఉష్ణ ప్రాంతాలది.

— గుంటూరు నుంచి: మరి మా బ్రాడీపేటలో ఖాళీ స్థలాల నిండా తెల్లగా చిన్న చిన్న పూలు, ఆకు అచ్చం చామంతి ఆకే, దాన్నీ గడ్డిచామంతి అనే అంటున్నారండీ?

— అది వయ్యారిభామ అయ్యుంటుందండీ. ఆకు చీలికలు చీలికలుగా ఉంటుంది, పూలు విడివిడిగా కాకుండా కొమ్మల చివర గుంపులుగా వస్తాయి. ఉత్త చేతులతో పీకకండి, కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. వినాయక చవితికి ‘సుముఖాయ నమః, మాచీపత్రం పూజయామి’ అని మొదటి పత్రిగా దీన్నే వేసేసేవాళ్లు కూడా ఉన్నారు. మాచిపత్రి ఆకు తిప్పి చూస్తే వెనక బూడిద తెలుపు, నలిపితే మంచి వాసన. ఈ రెండూ లేకపోతే బుట్టలో వేయకండి.