.220 స్విఫ్ట్ మేగజైన్‌లో వెనకాల ఆ రేకుముక్క ఏటి?

పాలకొండ కుర్రోడు:
అన్నలూ ఒక డౌటు. మా పెదతాతగారి వించెస్టర్ మోడల్ 70 రైఫిల్ ఉంది, .220 స్విఫ్ట్ అనే తూటాది, లైసెన్సు ఇప్పుడు పెదనాన్న పేరు మీద, దసరాకి పూజ చేస్తాం మళ్లీ పెట్టెలోకి పోద్ది. మొన్న ఆయన నూనె రాస్తంటే చూసేను, మేగజైన్ (తూటాలు పెట్టే అర) లోపల వెనకవైపు రేకు అడ్డం పెట్టి ఉంది, బోల్టు (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే కడ్డీ) కూడా మధ్యలోనే ఆగిపోతంది. ఇది కంపెనీదేనా, ఎవడో రిపేరుకి పెట్టిందా? అయినా ఇంత పొడుగు యాక్షన్లో (బోల్టు, అది ఆడే భాగం) అంత పొట్టి తూటా ఎందుకు పెట్టేరు?

నాగావళి గట్టు:
కంపెనీదే బాబూ, పీకీకండి. 1964కి ముందు మోడల్ 70కి రిసీవర్ (బోల్టు ఆడే ఇనప భాగం) పొడుగు ఒక్కటే, .30-06 తూటాకి సరిపడా. ఆ తూటా 3.34 అంగుళాలు, స్విఫ్ట్ 2.68, మిగిలిన ఖాళీలో తూటా ముందుకీ వెనక్కీ జారకుండా ఆ రేకు. బోల్టుకి కూడా ఒక చిన్న ముక్క తగిలించి ప్రయాణం తగ్గించేరు. రెండు సైజుల రిసీవర్లంటే రెండు రకాల పని కదా, ఆళ్లకి ఒకటే చవక. రెమింగ్టన్ కంపెనీ వోళ్లు 1948లో 721 రైఫిల్ పొడుగు, 722 పొట్టి అని వేరువేరుగా తెచ్చేరు, 1950లో .222 తూటా ఆ పొట్టిదాన్లోనే వచ్చింది.

బొబ్బిలి బావ:
పొట్టి యాక్షన్ గట్టిగా ఉంటాది, గురి బాగుంటాది అంటారు కదా?

నాగావళి గట్టు:
కాస్త బరువు తగ్గుద్ది, బోల్టు తక్కువ లాగాలి, అంతే. గురి తేడా మన చేతికి తెలీదు, బేరల్ బాగుంటే చాలు. స్విఫ్ట్‌కి అసలు గొడవ బేరల్‌తోనే, 1935లో వచ్చినప్పుడే 48 గ్రెయిన్ల బరువు బుల్లెట్‌తో సెకనుకి 4110 అడుగులు అని చెప్పుకున్నారు, వేడెక్కుతున్నా ఆపకుండా కాలిస్తే బేరల్ గొంతు దగ్గర, అంటే తూటా కూర్చునే చోటుకి ముందు, తినేస్తాది. ఇంకోటి, తూటాకి అడుగున అంచు కాస్త బయటికి ఉంటాది, 6 ఎమ్ఎమ్ లీ నేవీ అనే పాత తూటాలోంచి పుట్టింది కాబట్టి ఒళ్లు సన్నం, అంచు మాత్రం .30-06 బోల్టుకి సరిపడేలా పెంచేరు. మేగజైన్లో పెట్టినప్పుడు పైదాని అంచు కిందదాని అంచుకి ముందుండాలి, తిరగబడితే ఇరుక్కుంటాది.

బొబ్బిలి బావ:
మా మొక్కజొన్న చేనుకి పందులు దిగుతున్నాయి, దీంతో ఆపీవచ్చా 😄

సాలూరు ఘాట్:
నవ్వులాటకి కూడా వద్దు బావా. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అనుమతి లేకుండా పందిని కొడితే కేసే, ఫారెస్టు వోళ్లకి అర్జీ పెట్టుకో. అయినా అది అమెరికాలో పొలాల్లో కన్నాలు తవ్వే చిన్న జంతువుల కోసం చేసిన తూటా, ఆ పల్చని బుల్లెట్టు తగలగానే చితికిపోద్ది, పంది జబ్బ మీద పడితే లోపలికి దిగదు, గాయంతో పారిపోద్ది.
కుర్రోడా, సీరియల్ నంబరు ఏడు లక్షల లోపుందేమో చూడు, లోపుంటే 64కి ముందుదే. నంబరు మాత్రం ఇక్కడ పెట్టకు.