చూస్తే చీర, పట్టితే చీ... తర్వాత ఏంటి?

నల్లగొండ నుంచి: సింగారించుకొని కసురుకునే మనిషి ఎదురైతే మా నాయనమ్మ అనేది: "జిల్లేడు మిడుత! చూస్తే చీర, పట్టితే చీ..." ఆఖరి మాట చీదరా, చీరుడా? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

అచ్చంపేట నుంచి: చీరుడే. చీరు అంటే గీరు. చీర, చీరు ఎంత బాగా కలిశాయో చూడండి. చీదరలో ఆ 'ద' పంటికింద రాయి.

గద్వాల నుంచి: ప్రాస కోసం మిడుతకు గోళ్లు మొలిపిస్తారా అన్నా? అది గీరదు, చిమ్ముతుంది. చిన్నప్పుడు పిల్లమిడుతను పట్టుకుంటే రసం నా చొక్కా మీద పిచికారీ కొట్టింది. చీదరే! జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. పసుపు మీద ఆ నీలి చారలు పిట్టలకు హెచ్చరిక. చీర మాత్రం మా గద్వాలది కాదు. శాస్త్రనామంలో పిక్టస్ అంటే రంగులేసినది, మాది నేత.

అచ్చంపేట నుంచి: చీరుకు 'పిలుచు' అనే అర్థమూ ఉంది, మర్చిపోకండి.

దేవరకొండ నుంచి: మీరంతా చీర కొంగు పట్టుకొని వేలాడుతున్నారు. అసలు కీలకం జిల్లేడు. అమరకోశంలో దాని పేర్లలో మందారం ఒకటి. ఇప్పుడు పోతనను చదవండి: "మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు వోవునే మదనములకు". మదనం ఉమ్మెత్త. ఉమ్మెత్త పక్కన చేనుగట్టు మీద ఉండేది ఏది? జిల్లేడే కదా!

నల్లగొండ నుంచి: సార్, దండం. తర్వాతి పాదంలో మందాకిని ఉంది. స్వర్గంలో చేనుగట్టు వేశారు మీరు.

దేవరకొండ నుంచి: వేస్తే ఏం? ఆ మిడుత జిల్లేడును వదలదు. ప్రహ్లాదుడు చెప్పిందీ అదే.

గద్వాల నుంచి: ఆకు అయిపోతే వేరే మొక్కల మీదికి పోతుంది సార్. అంత భక్తి లేదు. పైగా ఈ మిడుత ఉండే పిర్గోమార్ఫిడే కుటుంబంలో అన్నీ రంగులవే కావు. అదే కోసుతలతో మట్టిరంగు మిడుతలూ ఉన్నాయి.

వనపర్తి నుంచి: ముందు మిడతా, మిడుతా తేల్చండి. మిడిసిపడేది కాబట్టి మిడుత అని నా లెక్క.

నల్లగొండ నుంచి: నాయనమ్మ మిడుత అనే అనేది. ఇప్పుడే మేనత్తకు ఫోన్ చేశాను. "చీర ఎక్కడిదిరా, చూస్తే చిలక కదా!" అంది.