మొదటి ప్రపంచ యుద్ధ నవలలు: ఏ వరసలో చదవాలి?

ప్రశ్న:
ఆ యుద్ధం మనుషుల మనసుల్ని, ఇళ్లను ఎలా కుంగదీసిందో నవలల్లో చదవాలనుకుంటున్నాను. పోరాట వర్ణనలు బోలెడు దొరుకుతున్నాయి గానీ సమాజం సంగతే పట్టుబడటం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1:
రెమార్క్ ‘ఆల్ క్వయెట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ (1929) తీసుకోండి. ఏడో అధ్యాయం రెండుసార్లు చదవండి. కథ చెప్పే జర్మన్ సిపాయి పాల్ సెలవు మీద ఇంటికొస్తాడు. వీధిలో ట్రాము కీచుమంటే ఫిరంగి గుండు వస్తోందని ఉలిక్కిపడతాడు. నాన్న యుద్ధం కబుర్లు అడుగుతాడు. వాటిని మాటల్లో పెడితే ఇక తనకు లొంగవేమోనని పాల్ భయం. ఊరి పెద్దమనుషులేమో సైన్యం ఎటు చొచ్చుకుపోవాలో అతనికే పాఠం చెబుతారు. చచ్చిపోయిన స్నేహితుడి తల్లికి, మీవాడు బాధ లేకుండా పోయాడని ఒట్టేసి అబద్ధం చెబుతాడు. ఇంట్లో ప్రేమకు లోటు లేదు, మాటే తెగిపోయింది. మీరు వెతుకుతున్న సమాజం ఇక్కడుంది. దీన్ని రెండు పోరాటాల మధ్య విరామం అనుకుని దాటేయకండి.

జవాబు 2:
తర్వాత వర్జీనియా వుల్ఫ్ ‘మిసెస్ డాలోవే’ (1925). 1923 జూన్‌లో ఒక్క రోజు, లండన్. అధ్యాయాల విభజన లేదు. ఎవరి ఆలోచనలోకి కథ మారిందో పక్కన పేరు రాసుకోకపోతే దారి తప్పుతారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయి సెప్టిమస్ తన ఆఫీసరు ఎవన్స్ పోయినప్పుడు ఏమీ అనిపించలేదని తనను తాను మెచ్చుకుంటాడు. ఆ మొద్దుబారడమే తర్వాత అతన్ని తినేస్తుంది. ఒక డాక్టరు రోగమే లేదంటాడు, ఇంకొకరు భార్యకు దూరంగా విశ్రాంతి గృహానికి పంపమంటారు. అదే రాత్రి మిసెస్ డాలోవే ఇచ్చిన విందులో ఆ రెండో డాక్టరు సెప్టిమస్ చావు గురించి మాట్లాడతాడు.

ప్రశ్న అడిగినవారు:
పాట్ బార్కర్ ‘రీజనరేషన్’ నా దగ్గరుంది. ముందు అది చదవచ్చా అండీ?

జవాబు 3:
చివరకు ఉంచండి. అది 1991లో వచ్చింది. పీటీఎస్‌డీ (భయంకర అనుభవం తర్వాత మనసును వదలని రుగ్మత) అన్న పేరు అమెరికా వైద్యుల జాబితాకెక్కింది 1980లో. ముందే చదివితే ఆ కొలబద్దతో పాత నవలల్ని కొలుస్తాం. అప్పటివాళ్ల దగ్గర ఉన్న మాట ‘షెల్ షాక్’, 1915లో చార్లెస్ మైయర్స్ ‘లాన్సెట్’లో వాడింది. పేలుడు దెబ్బే కారణం అనుకున్నారు. పేలుడుకు దూరంగా ఉన్నవాళ్లకీ వచ్చేసరికి ఆ లెక్క తప్పింది.

బార్కర్ నవలలో డాక్టర్ రివర్స్, కవి ససూన్, ఎడిన్‌బరోలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రి నిజమైనవే. అక్కడి రోగి ప్రయర్ కల్పితం. అతని మీద కన్నేసి ఉంచండి. సిపాయిలకు మూగతనం, ఆఫీసర్లకు నత్తి ఎక్కువగా వస్తాయని రివర్స్ గమనిస్తాడు. కార్మికుల ఇంటి నుంచి వచ్చి ఆఫీసరైన ప్రయర్ మాత్రం ఆసుపత్రికి మూగగానే వస్తాడు.