జెండా వందనంలో మా బాపు చేయి ఎత్తలేదు. తప్పా?

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర చిన్న ఊరు, నేను హనుమకొండలో చదువుకుంటున్నాను. మా బాపు ఆర్మీలో తోపుల (ఫిరంగుల) రెజిమెంట్‌లో 24 ఏళ్లు చేసి హవల్దార్‌గా రిటైరయ్యాడు. మొన్న ఆగస్టు 15కు ఊరి బడికి పిలిచారు. ముందురోజు రాత్రే బూట్లకు పాలిష్ పెట్టి, తెల్ల అంగీ ఇస్త్రీ చేసుకున్నాడు.

జెండా ఎగరగానే పిల్లలు, సార్లు, ఊరోళ్లు అందరూ సెల్యూట్ కొట్టారు. జనగణమన అయిపోయేదాకా చేతులు దించలేదు. బాపు మాత్రం మడమలు కలిపి, పిడికిళ్లు ప్యాంటు కుట్టుకు ఆనించి, కదలకుండా నిలబడ్డాడు. చేయి ఎత్తలేదు. బయటికి వచ్చాక ఒకాయన పదిమందిలో అన్నాడు: "ఇన్నేండ్లు మిలిట్రీల చేసి జెండాకు సెల్యూట్ కొట్టరాదా?"

బాపు బదులు చెప్పలేదు. ఇంటికొచ్చి కలిపిన అన్నం పక్కకు పెట్టాడు. నేను అడిగితే, "టోపీ లేదు బిడ్డా. టోపీ లేకుంటే చేయి లేవదు" అని ఊరుకున్నాడు. జనవరి 26కు మళ్లీ పిలుస్తారు. ఊళ్లో నలుగురికి చెప్పాలంటే నాకు సరిగ్గా తెలియాలి. ఫౌజీలు ఎవరైనా ఉంటే చెప్పండి.

కాజీపేట రిటైర్డ్ సుబేదార్:

బిడ్డా, మీ బాపు చేసిందే కరెక్ట్. ముందు ఈ మాట ఆయనకు చెప్పు.

మన ఫౌజ్‌లో యూనిఫాం, నెత్తిన టోపీ ఉంటేనే చేత్తో సెల్యూట్. టోపీ లేకుండా ఆఫీసర్ ఎదురైతే సావధాన్‌లోకి, అంటే అటెన్షన్‌లోకి వచ్చి "జై హింద్ సాబ్" అంటాం, అంతే. నేను కొత్తగా చేరి రంగ్రూట్‌గా ఉన్నప్పుడు ఒకరోజు క్షౌరం చేయించుకుని బోడి నెత్తితో వస్తుంటే కెప్టెన్ సాబ్ ఎదురయ్యాడు. కంగారులో చేయి లేపేశాను. ఆయన ఏమీ అనలేదు కానీ, వెనక నుంచి చూసిన, మాకు డ్రిల్ నేర్పే ఉస్తాద్ సాయంత్రం దాకా గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించాడు. ఆ రోజు తర్వాత నెత్తి తడుముకోకుండా చేయి లేపింది లేదు. మీ బాపుకు 24 ఏళ్ల అలవాటు, ఒక్క పొద్దున ఎట్ల పోతుంది?

జెండా సంగతికి వస్తే, 2002 ఫ్లాగ్ కోడ్‌లో, అంటే జాతీయ జెండా నియమాల్లో స్పష్టంగా ఉంది. జెండా ఎగరేసేటప్పుడు అందరూ అటువైపు తిరిగి అటెన్షన్‌లో ఉండాలి, యూనిఫాంలో ఉన్నవాళ్లు సెల్యూట్ చేయాలి. 2015 జనవరి 26న ఢిల్లీ పరేడ్‌లో అప్పటి ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ గారు చేయి ఎత్తలేదని ఎంత గొడవ చేశారో గుర్తుందా? అక్కడ వందనం స్వీకరించేది రాష్ట్రపతి, మామూలు బట్టల్లో ఉన్న మిగతావాళ్లు అటెన్షన్‌లో ఉంటే చాలని ఆయన ఆఫీసు వివరణ ఇచ్చింది. ఉపరాష్ట్రపతికే ఆ మాట తప్పలేదు.

పిల్లలు సెల్యూట్ చేయడం మాత్రం తప్పు కాదు. బడుల్లో జెండా వందనానికి అదే కోడ్‌లో వేరే పద్ధతి ఉంది. జెండా విప్పగానే లీడర్ ఆర్డర్ మీద కాసేపు సెల్యూట్, మళ్లీ ఆర్డర్‌తో చేతులు దించి అటెన్షన్. జనగణమన పాడేది ఆ తర్వాత, అటెన్షన్‌లోనే. అంటే మీ ఊళ్లో తప్పు జరిగింది పాట అయిపోయేదాకా చేతులు అట్లనే ఉంచడంలో.

ఎన్‌సీసీ పిల్ల, హనుమకొండ:

అక్కా, ఫోన్‌లో వచ్చే అమెరికా వీడియోలు చూసి కూడా చాలామంది మాజీ ఫౌజీలు చేయి ఎత్తాలనే అనుకుంటారు. అక్కడ మాజీ సైనికులు మామూలు బట్టల్లోనే జెండాకు సెల్యూట్ చేయొచ్చని 2008లో చట్టంలో పెట్టారు. అది వాళ్ల పద్ధతి. మాకు మొదటి వారమే టోపీ సంగతి చెప్పారు. క్యాంపులో నేవీ వింగ్ వాళ్ల చేయి చూసి మాత్రం అయోమయపడ్డాను, మా అరచేయి ఎదుటివాళ్లకు కనిపిస్తుంది, వాళ్లది కనిపించదు.

విశాఖలో పనిచేసిన నేవీ అన్న, జనగామ:

చెల్లె, మాది అరచేయి నేలవైపు ఉంటుంది. ఓడ మీద తాళ్లు, తారు, గ్రీజుతో పని. మరకల చేతిని పెద్దవాళ్లకు చూపించకూడదని అట్లా మొదలైందని మాకు ట్రైనింగ్‌లో చెప్పేవారు. ఎయిర్‌ఫోర్స్ వాళ్లది ఈ రెంటికీ మధ్యలో, 45 డిగ్రీలు. మీ నాన్నకు నా జై హింద్ చెప్పండి.

ప్రశ్న అడిగిన అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. రాత్రి బాపుకు అన్నీ చదివి వినిపించాను. క్షౌరం సంగతి రెండుసార్లు చదివించుకున్నాడు. ఎయిర్‌ఫోర్స్ మాట దగ్గర ఆపి, "మేం చేరినప్పుడు వాళ్లది కూడా మా లెక్కనే ఉండె, 2006లో మార్చిండ్రు" అన్నాడు. తర్వాత ట్రంకు పెట్టె తీసి నీలం బెరే టోపీ దులిపాడు. పెట్టుకోలేదు, బ్యాడ్జి గుడ్డతో తుడిచి మళ్లీ కాగితంలో చుట్టి పెట్టాడు.

పొద్దున బడికి పోయి సార్‌తో మాట్లాడి వచ్చాడు. శనివారం నుంచి పిల్లలకు నేర్పిస్తాడట: బొటనవేలు కుట్టు మీద ఎట్లా ఉండాలి, మడమలు ఎట్లా కలపాలి, పాట మొదలుకాక ముందే చేయి ఎప్పుడు దించాలి. ఆర్డర్ ఇవ్వడానికి గొంతు పెద్దదని ఆరో తరగతి పిల్లను ఒకదాన్ని అప్పుడే చూసుకుని వచ్చాడు.