రెప్పల వాపు, కళ్ళ మంట తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది: కాపడం, చుక్కలు సరిగ్గా వాడేదెలా?

శ్రావణి_మధురవాడ

అందరికీ నమస్కారం. డాక్టరు గారు చీటీ మీద బ్లెఫరైటిస్ (రెప్పల అంచుల వాపు), ఎంజీడీ అని రాశారు. రెండు కళ్ళకీ ఉంది. పొద్దున్నే రెప్పలు అంటుకుని ఉంటున్నాయి, వెంట్రుకల మొదళ్ళలో పొట్టు కనిపిస్తోంది. మధ్యాహ్నం దాటితే ఇసక పోసినట్టు గరగర, సాయంత్రానికి మంట. స్క్రీన్ మీద అక్షరాలు మసకబారతాయి, రెప్ప ఆర్పగానే తేటపడతాయి. బండి మీద బీచ్ రోడ్డులో వెళ్తే మాత్రం నీళ్ళు ధారగా కారిపోతాయి. ఆఫీసు రుషికొండలో, రోజంతా ఏసీ. కన్నీటికి బదులుగా వేసే సీఎంసీ 0.5% చుక్కలు రోజుకి నాలుగుసార్లు వెయ్యమన్నారు, వేడి కాపడం పెట్టమన్నారు. చుక్క వేసిన కాసేపే హాయి.

నాకు తెలియాల్సినవి ఇవి. కాపడం ఎంత వేడిగా, ఎంతసేపు పెట్టాలి? తర్వాత రెప్పని నొక్కమంటారు కదా, ఎటు నుంచి ఎటు? చుక్కల్లో ఏది ఎంచుకోవాలి? ఇంత ఉక్కపోత ఊళ్ళో ఉంటూ కళ్ళు ఎండిపోవడం ఏమిటి, నీళ్ళు కారుతున్న కన్ను పొడిబారిన కన్ను ఎలా అవుతుంది?

ఆప్టోమ్_వాల్తేరు

శ్రావణి గారూ, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అది అర్థమైతే మిగతావన్నీ ఎందుకు చెయ్యాలో తెలుస్తుంది.

కన్నీటి పొర అంటే వట్టి నీరు కాదు. కంటి గుడ్డుకి అంటుకుని జిగురు, దాని మీద నీరు, అన్నిటికంటే పైన పల్చటి నూనె పొర. ఆ నూనె రెప్పల అంచుల్లో నిలువుగా ఉండే మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. పై రెప్పలో సుమారు 30 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 ఉంటాయి. మీ చీటీలో ఎంజీడీ అంటే ఈ గ్రంథులు సరిగ్గా పనిచెయ్యకపోవడం. వేడికి కరిగి పల్చగా రావలసిన నూనె, చలికాలం నెయ్యిలా గ్రంథి నోటి దగ్గరే పేరుకుపోతుంది. పైన నూనె లేకపోతే కింద నీరు నిమిషాల్లో కాదు, సెకన్లలో ఆవిరైపోతుంది. ఫ్లోరెసిన్ రంగు వేసి చూసినప్పుడు 10 సెకన్ల లోపే పొర చిట్లిపోతే అది తక్కువ కిందే లెక్క. మీ అక్షరాలు మసకబారి, రెప్ప ఆర్పితే తేటపడటం కూడా ఈ చిట్లడం వల్లే.

పొర చిట్లి గుడ్డు బయటపడినప్పుడు నరాలు మంటగా గుర్తిస్తాయి. వెంటనే పెద్ద కన్నీటి గ్రంథి నీళ్ళు కుమ్మరిస్తుంది. ఆ నీళ్ళలో నూనె ఉండదు కాబట్టి నిలవవు, చెంప మీదికి కారిపోతాయి. అందుకే కారే కన్నూ పొడి కన్నే.

ఊళ్ళో తేమ ఉన్న మాట నిజమే. కానీ మీ కళ్ళు పగలంతా ఉండేది ఊళ్ళో కాదు, ఏసీ గదిలో. ఏసీ గాలిలోని తేమని లాగేస్తుంది. దానికి తోడు స్క్రీన్ చూస్తున్నప్పుడు రెప్ప ఆర్పడం బాగా తగ్గుతుంది, ఆర్పినా సగమే మూసుకుంటుంది. గ్రంథుల మీద రెప్ప పూర్తిగా మూసుకున్న ఒత్తిడి పడితేనే నూనె బయటికి వస్తుంది.

ఇక కాపడం. ఎక్కువమంది చేసేది తువ్వాలు వేణ్ణీళ్ళలో ముంచి, పిండి, కంటి మీద వేసుకుని పది నిమిషాలు కూర్చోవడం. తడి గుడ్డ రెండు నిమిషాలకే చల్లారిపోతుంది. మిగతా సమయమంతా కంటి మీద చల్లటి గుడ్డ ఉన్నట్టే, నూనె కరగదు. పేరుకున్న నూనె కరగాలంటే రెప్ప లోపలి వైపు 40 డిగ్రీల దగ్గరికి రావాలి, అక్కడ కొన్ని నిమిషాలు నిలవాలి. మైక్రోవేవ్ ఉంటే శుభ్రమైన నూలు సంచీలో అర కప్పు పొడి బియ్యం పోసి మూతి కుట్టేసి, 20 సెకన్లు పెట్టి చూడండి, చాలకపోతే మరో 5 సెకన్లు. బయటికి తీశాక బాగా కుదపాలి, ఒక్కోచోట వేడి ఎక్కువగా చేరి ఉంటుంది. మణికట్టు లోపలి వైపు ఆనించి పది సెకన్లు హాయిగా పట్టుకోగలిగితేనే రెప్ప మీదికి. 45 డిగ్రీలు దాటనివ్వకండి, రెప్ప చర్మం ఒంట్లో అన్నిటికంటే పల్చటిది. మైక్రోవేవ్ లేకపోతే ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు, నాలుగైదు గుడ్డలు పెట్టుకోండి. తడిపిన గుడ్డలన్నీ ఒకదాని మీద ఒకటి చుట్టి మూటలా ఉంచితే లోపలివి వేడిగా నిలుస్తాయి. ప్రతి రెండు నిమిషాలకీ ఒకటి మార్చండి. మొత్తం 8 నుంచి 10 నిమిషాలు, కళ్ళు మూసుకుని. మొదటి నాలుగు వారాలు రోజుకి రెండుసార్లు, తర్వాత రోజుకి ఒకసారి. కాంటాక్ట్ లెన్సులు ఉంటే ముందే తీసెయ్యాలి.

నొక్కడం కాపడం తీసిన వెంటనే, నూనె ఇంకా కరిగి ఉన్నప్పుడే. ఫోన్ చూసుకుని వచ్చి నొక్కితే లాభం లేదు. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఒక వేలితో కంటి బయటి మూలని చెవి వైపు కొద్దిగా లాగి పట్టుకోండి. పై రెప్పకి కిందికి చూస్తూ, కనుబొమ వైపు నుంచి వెంట్రుకల అంచు దాకా పైనుంచి కిందికి నిమరండి. కింది రెప్పకి పైకి చూస్తూ, కింది నుంచి పైకి. ముక్కు వైపు నుంచి బయటి మూల దాకా జరుగుతూ ఒక్కో రెప్పకి ఐదారు సార్లు చాలు. ఒత్తిడి రెప్ప మీదే పడాలి, గుడ్డు మీద పడకూడదు. నొక్కాక కాసేపు చూపు మసగ్గా ఉంటుంది, అది బయటికొచ్చిన నూనె. కెరటోకోనస్ (నల్లగుడ్డు పల్చబడి ముందుకు ఉబికే జబ్బు) ఉన్నవాళ్ళు, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా రెప్పలు నొక్కకూడదు.

తర్వాత శుభ్రం చెయ్యడం. కాచి చల్లార్చి గోరువెచ్చగా ఉన్న అర కప్పు నీళ్ళలో రెండు మూడు చుక్కల బేబీ షాంపూ. కన్ను మూసి, దూదిపుల్లతో వెంట్రుకల మొదళ్ళ వెంట అడ్డంగా అర నిమిషం తుడవండి. ఒక కంటికి వాడింది రెండో కంటికి వాడొద్దు. తర్వాత మంచి నీళ్ళతో కడిగెయ్యాలి. షాంపూకి కళ్ళు ఇంకా మండితే మానేసి, రెప్పల కోసమే తయారుచేసిన తడి వైప్స్ వాడండి. అవే మేలని నా అభిప్రాయం, ఖర్చే కాస్త ఎక్కువ.

చుక్కలు అన్నిటికంటే చివర్న. ముందే వేస్తే కడిగేసినప్పుడు పోతాయి.

మందులకొట్టు_గాజువాక

చుక్కల సంగతి నేను చెప్తాను. పేరు కాదండీ, డబ్బా పక్కన చిన్న అక్షరాలు చదవాలి. మొదట చూడాల్సింది నిల్వ మందు ఏమిటన్నది. బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉంటే, రోజుకి నాలుగుసార్లు మించి నెలల తరబడి వేసేవాళ్ళకి అది మంచిది కాదు. అదే కంటి పైపొరని దెబ్బతీసి మంట పెంచుతుంది. తరచూ వేసేవాళ్ళు నిల్వ మందు లేనివి అడగండి. చిన్న చిన్న గొట్టాల్లో వచ్చేవి ఉంటాయి, తెరిచింది ఆ రోజే వాడి పారెయ్యాలి, మర్నాటికి దాచొద్దు. సీసా అయితే తెరిచిన తేదీ మార్కర్‌తో దాని మీదే రాసి, సీసా లేబుల్ మీద వేరే గడువు లేకపోతే నెల కాగానే పారెయ్యండి. ముద్రించిన ఎక్స్‌పైరీ తెరవని సీసాకి.

సీఎంసీ 0.5% పల్చగా ఉంటుంది, పగటికి బాగుంటుంది. 1% చిక్కన, కాసేపు మసక, రాత్రికి వాడొచ్చు. సోడియం హైలురొనేట్ 0.1% గానీ 0.18% గానీ కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. శ్రావణి గారిలా నూనె తక్కువైన కళ్ళకి నూనె కలిసిన చుక్కలు, అంటే లిపిడ్ ఉన్నవి కూడా ఉన్నాయి, ఈసారి వెళ్ళినప్పుడు డాక్టర్ని అడగండి. ఒక్క చుక్కే వెయ్యండి. కన్ను పట్టేది అంతకంటే తక్కువే, రెండోది చెంప మీదికే పోతుంది. వేశాక కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన మూలలో వేలితో ఒక నిమిషం ఒత్తి పట్టుకోండి. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు, ఆయింట్‌మెంట్ ఎప్పుడూ ఆఖర్న.

కొట్టుకొచ్చి "కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏదో ఒకటి ఇవ్వండి" అని అడిగేవాళ్ళకి నా విన్నపం. ఎరుపు పోగొట్టే నాఫజోలిన్ చుక్కలు రక్తనాళాల్ని బిగిస్తాయంతే. ప్రభావం దిగగానే ముందుకంటే ఎర్రబడుతుంది, మళ్ళీ వేస్తారు, అది అలవాటైపోతుంది. అంతకంటే ప్రమాదం డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టిరాయిడ్ చుక్కలు. రెండు రోజుల్లో హాయిగా అనిపిస్తుంది, అందుకే పాత చీటీ పట్టుకుని మళ్ళీ మళ్ళీ కొంటారు. కంటి ఒత్తిడి నొప్పి లేకుండా పెరిగి గ్లాకోమా రావచ్చు, శుక్లం తొందరగా రావచ్చు. డాక్టరు రాసినన్ని రోజులే, రాసిన పద్ధతిలోనే తగ్గిస్తూ ఆపాలి.

డాక్సీసైక్లిన్ రాస్తే భయపడకండి. ఇక్కడ అది క్రిముల కోసమే కాదు, తక్కువ మోతాదులో గ్రంథుల వాపు తగ్గించడానికి కూడా, అందుకే వారాల తరబడి ఇస్తారు. నిండు గ్లాసు నీళ్ళతో మింగి అరగంట దాకా పడుకోవద్దు, గొంతులో పుండు పడుతుంది. పాలు, కాల్షియం, ఐరన్ మాత్రలకీ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది, మన ఊరి ఎండలో గొడుగు వాడండి. గర్భిణులకీ చిన్నపిల్లలకీ ఇవ్వరు.

సీతమ్మధార_లక్ష్మి

అమ్మాయీ, ఇంట్లో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కాటుక రెప్ప లోపలి అంచు మీద గీస్తే సరిగ్గా ఆ నూనె రంధ్రాల మీదే కూర్చుంటుంది. తగ్గేదాకా మానెయ్యి, తర్వాత కూడా వెంట్రుకలకి బయటి వైపే. తలలో చుండ్రు ఉంటే రెప్పల పొట్టు ఒక్కటే తగ్గదు, రెండూ కలిపి చూడాలి. కీటోకొనజోల్ 2% షాంపూ వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు ఉంచి కడుగు, కంట్లో పడనివ్వకు. రాత్రి తలకి నూనె రాసుకుని పడుకుంటే చెమటతో కలిసి కళ్ళలోకి దిగుతుంది, చుండ్రుకి కూడా అది మేతే.

నందివర్ధనం పూలు చల్లగా మూసిన రెప్పల మీద పెట్టుకుంటే తప్పు లేదు, హాయిగా ఉంటుంది. ఆ పూల రసం, ఆముదం, పన్నీరు, తేనె, చనుబాలు మాత్రం కంట్లో పిండకండి. పుండు పడి ఉన్న కంట్లో అలాంటిది పడితే చూపే పోవచ్చు.

ఫ్యాను కింద సూటిగా పడుకోవద్దు, మంచం జరుపు. ఆఫీసులో ఏసీ గాలి మొహం మీద కొట్టకుండా రెక్కలు తిప్పించు. స్క్రీన్ కంటి ఎత్తుకంటే కిందికి ఉండాలి, అప్పుడు రెప్ప సగం వాలి ఉంటుంది, కన్ను తక్కువ తెరుచుకుంటుంది. బండి మీద హెల్మెట్ అద్దం దించు. కెరటాల గాలికే కాదు, పోర్టు వైపు దుమ్ముకి కూడా అది పనికొస్తుంది.

శ్రావణి_మధురవాడ

చాలా థాంక్స్ అండీ అందరికీ. ఇంకో సందేహం. పొట్టు వెంట్రుక మొదట్లో తొడుగులా చుట్టుకుని ఉంది, పొద్దున దురద ఎక్కువ. టీ ట్రీ ఆయిల్ రాయమని ఎవరో చెప్పారు, రాయొచ్చా? చేప నూనె మాత్రలు ఉపయోగమా?

ఆప్టోమ్_వాల్తేరు

వెంట్రుక మొదట్లో గొట్టంలా చుట్టుకున్న పొట్టు డెమోడెక్స్ గుర్తు. కంటికి కనిపించనంత చిన్న పురుగులు, వెంట్రుక కుదుళ్ళలో ఉంటాయి. డాక్టరు స్లిట్ ల్యాంప్‌లో (కంటిని పెద్దది చేసి చూసే యంత్రం) మిమ్మల్ని కిందికి చూడమని పై రెప్ప వెంట్రుకల మొదళ్ళు చూస్తే తెలిసిపోతుంది. ఈసారి వెళ్ళినప్పుడు అలా చూడమని అడగండి. టీ ట్రీ ఆయిల్ సీసాలోది నేరుగా రాస్తే కంటి పైపొర కాలుతుంది, ఆ పని చెయ్యకండి. దాన్ని తగినంత పల్చగా కలిపి తయారుచేసిన రెప్పల వైప్స్ వేరు. పురుగు గుడ్డు నుంచి పెరిగి చచ్చేదాకా రెండు మూడు వారాలు పడుతుంది, అందుకే చికిత్స వారం చేసి ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది, ఆరు వారాలు చెయ్యాలి. దీనికోసమే తయారైన లోటిలానర్ 0.25% చుక్కలకి అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. దిండు గలీబులు వారానికోసారి వేణ్ణీళ్ళలో ఉతకండి.

చేప నూనె గురించి: 2018లో డ్రీమ్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. రోజుకి 3000 మిల్లీగ్రాముల ఒమేగా 3 తీసుకున్నవాళ్ళకీ, ఆలివ్ నూనె మాత్రలు తీసుకున్నవాళ్ళకీ తేడా కనిపించలేదు. చేపలు తినండి, మన ఊళ్ళో వాటికి కొదవలేదు. మాత్రల డబ్బుతో వైప్స్ కొనుక్కోండి.

ఇది పూర్తిగా పోయే జబ్బు కాదని ముందే తెలిస్తే నిరాశ ఉండదు. తగ్గింది కదా అని కాపడం ఆపిన కొన్ని వారాలకి మళ్ళీ పేరుకోవడం మొదలవుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు పద్ధతిగా చేసినా మార్పు లేకపోతే షిర్మర్ పరీక్ష (కాగితం ముక్కతో కన్నీటి పరిమాణం కొలవడం), గ్రంథుల ఫొటో తీయించమని అడగండి. హనుమంతవాక ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి గానీ, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి గానీ, మీకు ఏది వీలైతే అది. ఆ రోజు కాటుక వద్దు, పరీక్షకి రెండు గంటల ముందు నుంచి చుక్కలు వద్దు, వాడుతున్న సీసాలన్నీ పట్టుకెళ్ళండి. నోరు కూడా ఎండుతోందా, కీళ్ళ నొప్పులున్నాయా, సిట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు, మొటిమలకి ఐసోట్రెటినాయిన్ వాడుతున్నారా, ఇవి అడక్కపోయినా చెప్పండి.

వీటికి మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు: కన్ను నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ. ఆ రోజే వెళ్ళాలి. ఒకే రెప్ప మీద ఒకేచోట గడ్డ మళ్ళీ మళ్ళీ వస్తున్నా, అక్కడ వెంట్రుకలు రాలిపోతున్నా ముక్క తీసి పరీక్ష చేయించాలి. పెద్ద వయసువాళ్ళలో రెప్ప నూనె గ్రంథుల క్యాన్సర్ మామూలు కురుపులాగే, తగ్గని రెప్ప వాపులాగే కనిపిస్తుంది.

కంచరపాలెం_రాజు

ఇదే దారంలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. అమ్మకి శుక్లం ఆపరేషన్ రాశారు, ఆవిడకీ రెప్పలు ఎర్రగా పొట్టుగానే ఉంటాయి. ఆపరేషన్ డేట్ దగ్గర పడింది. ముందే చెప్పాలా?

ఆప్టోమ్_వాల్తేరు

తప్పకుండా చెప్పండి, రాజు గారూ, ఈ వారంలోనే. రెండు కారణాలు. రెప్పల అంచున ఉన్న క్రిములు ఆపరేషన్ గాయం గుండా లోపలికి వెళ్తే కంటి లోపల ఇన్‌ఫెక్షన్ రావచ్చు. అరుదే గానీ వస్తే తీవ్రం. రెండోది, లోపల పెట్టే లెన్సు పవర్ లెక్కగట్టడానికి నల్లగుడ్డు వంపు కొలుస్తారు. పొర చిట్లిన కంటి మీద కొలత తప్పుతుంది, తర్వాత అద్దాల పవర్ ఎక్కువగా మిగిలిపోతుంది. రెప్పలకి కొన్ని వారాలు చికిత్స చేసి, కొలతలు మళ్ళీ తీసి, అప్పుడు ఆపరేషన్ చేస్తారు. శుక్లం అంత తొందర చేసేది కాదు, డేట్ వెనక్కి జరిపినా ఫర్వాలేదేమో డాక్టర్నే అడగండి. అమ్మగారికి షుగర్ ఉంటే కాపడం వేడి ముందు మీ మణికట్టు మీద మీరే చూసి పెట్టండి.