స్నోఫ్లేక్ ఈల్‌కి తోడుగా లయన్‌ఫిష్‌ని పెట్టొచ్చా?

అందరికీ నమస్కారం. 6 అడుగుల గాజు తొట్టి, సుమారు 700 లీటర్ల ఉప్పునీళ్లతో సిద్ధం చేశాను. ఉప్పు రీడింగ్ 1.025, వేడి 25 డిగ్రీలు. నీళ్లలో చేపలకి హాని చేసే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే స్నోఫ్లేక్ ఈల్‌ని (పాములా పొడవుగా ఉండే సముద్రపు చేప) తెచ్చాను.

ఇప్పుడది జానెడున్నర ఉంది. రాళ్ల సందులోంచి తల ఒక్కటే బయటపెట్టి నోరు తెరుస్తూ, మూస్తూ ఉంటుంది. మొదట్లో కరవడానికేమో అని భయపడ్డాను, అది ఊపిరి తీసుకునే తీరని తర్వాత తెలిసింది. చూపు తక్కువ, అంతా వాసనే. రొయ్య ముక్కని పటకారుతో ముక్కు దగ్గరికి తీసుకెళ్తే గానీ పట్టుకోదు.

దీనికి తోడుగా లయన్‌ఫిష్‌ని పెట్టాలని ఎంతో ఆశగా ఉంది. రెండిటినీ కలిపి పెంచేవాళ్లు మేత ఎలా వేస్తున్నారు? ఒకదాని ముక్క ఇంకోటి లాగేసుకోదా? లయన్‌ఫిష్ ముళ్లలో విషం ఉంటుంది కదా, తొట్టి శుభ్రం చేసేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకుంటున్నారు?

అన్నిటికంటే దిగులు మూత గురించి. రాత్రిళ్లు ఈల్ పైకి వచ్చి, పైపు వెళ్లే రెండు వేళ్ల సందులో ముక్కు దూర్చి వెతుకుతోంది. ప్రస్తుతానికి స్పాంజి కుక్కాను గానీ నాకు నిద్ర పట్టట్లేదు. ఆ సందుని గట్టిగా మూసే పద్ధతి మీరు చేసి చూసినది ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.