జనరల్ కె.వి. కృష్ణారావు గారి సైనిక జీవితంలో అన్నిటికంటే కీలకమైన బాధ్యత ఏది?

ప్రశ్న:
1923లో పుట్టి, 1942లో మహర్ రెజిమెంట్‌లో అధికారిగా చేరి, 1981 జూన్ 1న భారత సైన్యాధిపతి పదవి చేపట్టిన జనరల్ కొటికలపూడి వెంకట కృష్ణారావు గారి గురించి మా అబ్బాయికి వివరంగా చెప్పాలనుకుంటున్నాను. వాడు నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్.డి.ఎ.) ప్రవేశ పరీక్షకు చదువుతున్నాడు. ఆయనను సైన్యాధిపతి స్థాయికి చేర్చడంలో ఏ బాధ్యత ఎక్కువ బరువు తూగిందని మీరు భావిస్తున్నారు?

సమాధానం 1:
నా దృష్టిలో పాకిస్తాన్‌తో జరిగిన 1971 యుద్ధమేనండి. అప్పుడు ఆయన ఎనిమిదవ మౌంటెన్ డివిజన్‌కు అధిపతి. నాగాలాండ్, మణిపూర్ కొండల్లో తిరుగుబాటును ఎదుర్కొంటున్న ఆ డివిజన్‌ను లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ గారి నాలుగవ కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం) కింద ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ వైపు నడిపించారు. కొండల్లో చిన్న దళాలతో గాలింపులు జరపడానికి అలవాటుపడిన సైన్యాన్ని నదులు, తేయాకు తోటలు నిండిన పల్లపు నేలలో సంప్రదాయ యుద్ధానికి మళ్లించడం తేలిక కాదు. డిసెంబరు 7న ఆయన డివిజన్‌కే చెందిన ఐదవ గోర్ఖా రైఫిల్స్ నాలుగవ బెటాలియన్‌ను హెలికాప్టర్లలో సిల్హెట్ దగ్గర దింపారు. తనకంటే ఎన్నో రెట్లు పెద్ద శత్రు బలగం ఎదురుగా ఉన్నా ఆ బెటాలియన్ వెనక్కి తగ్గలేదు. చివరకు సిల్హెట్‌లోని పాకిస్తాన్ దళాలు లొంగిపోయాయి. కృష్ణారావు గారికి పరమ విశిష్ట సేవా పతకం లభించింది.

సమాధానం 2:
సిల్హెట్ ఘనతను నేను తగ్గించడం లేదు, కానీ నా ఓటు 1975లో ఆయన అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘానికే. 2000 సంవత్సరం వరకు మన సైన్యం ఏ రూపు దాల్చాలో ఆలోచించడం ఆ సంఘం పని; తర్వాత తానూ సైన్యాధిపతి అయిన సుందర్జీ గారు అందులో సభ్యులు. ట్యాంకులు ముందుకు దూసుకుపోతుంటే లారీల్లోనో కాలినడకనో వచ్చే పదాతిదళం వాటిని అందుకోలేకపోతే, పట్టుకున్న నేలను నిలబెట్టుకునే వారుండరు. పదాతి సైనికులను కవచ వాహనాల్లో ట్యాంకులతో సమానంగా నడిపించాలన్న ఆలోచనకు ఆ సంఘం గట్టి ఊతమిచ్చింది. 1979లో పేరున్న పాత పదాతి బెటాలియన్లను కలిపి మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్‌ను ఏర్పరచారు. యుద్ధంలో గెలిచిన సేనానులు మనకు చాలామందే ఉన్నారు. పాతికేళ్ల ముందుచూపుతో సైన్యానికి ప్రణాళిక రచించే అవకాశం, ఆ తర్వాత సైన్యాధిపతిగా దాన్ని ముందుకు నడిపే అవకాశం రెండూ దక్కిన వారు మాత్రం బహు అరుదు.

సమాధానం 3:
పై ఇద్దరూ చెప్పినవి విడదీయరానివని నా అభిప్రాయం, ఎందుకంటే సైన్యంలో పై హోదాలకు యుద్ధక్షేత్ర నాయకత్వం, కార్యాలయ బాధ్యతలు రెండింటిలోనూ రాణించాలి. ఆయన సైన్య ఉపాధిపతిగా, తర్వాత పశ్చిమ కమాండ్ అధిపతిగా పనిచేసిన మీదటే సైన్యాధిపతి అయ్యారు. 60 ఏళ్లు నిండడంతో 1983 జూలై చివర పదవీ విరమణ చేశారు కాబట్టి ఆ పదవిలో ఉన్నది రెండేళ్ల రెండు నెలలే. మీ అబ్బాయికి ఇంకొక సంగతి కూడా చెప్పండి: ఆయన రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో చేరినవారు కనుక ఎన్.డి.ఎ.లో చదవలేదు, కానీ ఆ సంస్థ తొలినాళ్లలో అక్కడ బోధకునిగా పనిచేశారు.